నలంద వదిలినవాడి పేరు మీద



విశ్వవిద్యాలయాలకు స్వర్ణోత్సవాలు జరగడం మనకేమీ కొత్త కాదు. ముఖ్య అతిథికి శాలువా, ఒక సావనీరు, పూర్వ విద్యార్థులకు భోజనాలు, సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం. తంతు అందరికీ తెలిసిందే. ఈ రోజు నేను మాట్లాడబోయే విశ్వవిద్యాలయానికి 2024లో యాభై ఏళ్లు నిండాయి. ఉన్నది అమెరికాలో. కొలరాడో రాష్ట్రంలో రాకీ పర్వతాల అంచున బౌల్డర్ అని ఒక ఊరుంది, అక్కడ నారోపా విశ్వవిద్యాలయం. చాలా చిన్నది. విద్యార్థులు వెయ్యిమందికి అటూ ఇటూ. మన జిల్లా కేంద్రాల్లో ఓ మోస్తరు డిగ్రీ కాలేజీకి కూడా ఆ సంఖ్య లెక్కలోది కాదు. అయినా దాని యాభై ఏళ్ల కథ చెప్పుకోదగ్గదని నేననుకోవడానికి కారణం ఏమిటంటే, విశ్వవిద్యాలయాన్ని వదిలేసి వెళ్లిపోయిన ఒక ఆచార్యుడి పేరును ఆ విశ్వవిద్యాలయం తలకెత్తుకుంది.

నారోపా మనవాడే. అంటే భారతీయుడు. పదకొండో శతాబ్దపు బౌద్ధ పండితుడు. టిబెట్ వాళ్లు చెప్పుకునే చరిత్ర ప్రకారం ఆయన నలందలో ద్వారపండితుడు. వాదానికి ఎవరొచ్చినా ముందు ఆయన్ని గెలిచి లోపలికి వెళ్లాలి. అంతటివాడు ఒకనాడు సూర్యుడికి వీపు పెట్టి కూర్చుని శాస్త్రం చదువుకుంటుంటే పుస్తకం మీద నీడ పడింది. తల తిప్పి చూస్తే వికారమైన రూపంతో ఒక ముసలమ్మ. ఏం చదువుతున్నావు, అందులో మాటలు తెలిశాయా, భావం తెలిసిందా అని అడిగింది. మాటలు తెలిశాయన్నాడు. ముసలమ్మ సంతోషం పట్టలేక గంతులేసింది. ఆ సంతోషం చూసి, భావం కూడా తెలిసిందన్నాడు. ముసలమ్మ ఏడవడం మొదలుపెట్టింది. మొదటిసారి నిజం చెప్పావు, రెండోసారి అబద్ధమాడావు అంది. మరి భావం తెలిసినవాడెవడని అడిగితే, నువ్వులు దంచుకు బతికే తిలోపా పేరు చెప్పింది. నారోపా పుస్తకం మూసి, పదవి వదిలి, నలందలో అందరూ వద్దంటున్నా వినకుండా ఆ నువ్వులవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ గురువు ఆయన్ని పెట్టిన తిప్పలు పన్నెండని లెక్క. మేడ మీంచి దూకమనడం అందులో తేలికైనది కాబోలు.

ఇది పురాణ కథే. చరిత్రకారుడు ఇందులో ఎంత నిలబెడతాడో, ఎంత పక్కన పెడతాడో అది వేరే సంగతి. నారోపాకు టిబెట్ నుంచి వచ్చిన మార్పా శిష్యుడయ్యాడు, మార్పాకు మిలారెపా. అలా నడిచిన గురుపరంపర పేరు కాగ్యు. ఆ పరంపరలో పుట్టిన ఛోగ్యం ట్రుంగ్పా అనే లామా, 1974లో అమెరికన్ల కోసం చదువుల చావడి ఒకటి తెరిచి దానికి నారోపా పేరు పెట్టాడు.

ఈ ట్రుంగ్పా జీవితం కూడా నేల విడిచిన కథలాగే ఉంటుంది, కానీ ఇది జరిగిన చరిత్ర. తూర్పు టిబెట్‌లో సుర్మాంగ్ మఠాలకు చిన్ననాడే అధిపతి అయ్యాడు. 1959లో చైనా సైన్యం వెంటబడితే ఇరవై ఏళ్ల వయసులో కొంతమందిని వెంటేసుకుని కొండలకడ్డం పడి నడిచాడు. రాత్రి చీకట్లో బ్రహ్మపుత్రను దాటారు. తిండి అయిపోతే తోలు ఉడకబెట్టుకుని తిన్నారు. నెలల తరబడి అలా నడిచి మన దేశం చేరాడు. ఇక్కడ ఆయన్ని ఆదరించిన మనిషి ఫ్రీడా బేడీ. ఇంగ్లండులో పుట్టి, పంజాబీని పెళ్లాడి, మన స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లిన ఇల్లాలు. సినిమాలు చూసేవాళ్లకు సులువుగా చెప్పాలంటే, నటుడు కబీర్ బేడీ తల్లి. శరణార్థులై వచ్చిన పడుచు లామాలకు ఇంగ్లీషు, లోకజ్ఞానం నేర్పడానికి ఆవిడ ఒక బడి పెట్టింది. ట్రుంగ్పా అక్కడ పనిచేసి, 1963లో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లాడు. ఆ తర్వాత స్కాట్లండు. 1969లో ఆయన నడుపుతున్న కారు ఒక దుకాణంలోకి దూసుకుపోయి శరీరం ఎడమభాగం చచ్చుబడింది. అదయ్యాక కాషాయం విడిచేశాడు, పెళ్లి చేసుకున్నాడు, 1970లో అమెరికా చేరాడు. సన్యాసి వేషం చూసి మురిసిపోయే జనానికి తన బోధ వినిపించదని ఆయన అనుకున్నాడట. ఆ మాటను ఎంతవరకు నమ్మాలో తర్వాత చూద్దాం.

ఇక 1974 వేసవి. బౌల్డర్‌లో అద్దె భవనాల్లో వేసవి తరగతులు పెడదామనుకున్నారు. కొన్ని వందలమంది వస్తే గొప్పని అంచనా. వచ్చింది పదిహేను వందలమందికి పైనే. వియత్నాం యుద్ధంతో విసిగిన కుర్రాళ్లు, ఇండియా తిరిగొచ్చి జోలె సంచులు తగిలించుకున్నవాళ్లు, కవులు, నర్తకులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఏం వెతుక్కుంటున్నారో తమకే తెలియనివాళ్లు. వాళ్లలో ఎక్కువమందిని రప్పించింది రామ్‌దాస్. అసలు పేరు రిచర్డ్ ఆల్పర్ట్. హార్వర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉండి, మత్తుమందుల ప్రయోగాల గొడవలో 1963లో ఉద్యోగం పోగొట్టుకుని, తర్వాత కైంచీలో నీమ్ కరోలీ బాబాకు శిష్యుడైనవాడు. ఆ వేసవిలో రామ్‌దాస్ చెప్పిన పాఠం ఏమిటో తెలుసా? భగవద్గీత. ఒక రాత్రి రామ్‌దాస్ గీత చెబితే, మరుసటి రాత్రి ట్రుంగ్పా బౌద్ధం చెప్పేవాడు. ఒకరిది భక్తి, కీర్తన, కన్నీళ్లు. రెండో ఆయన ఆ కన్నీళ్లనే నిలదీసేవాడు. ఆధ్యాత్మికత కూడా దాచుకునే ఆస్తి అయిపోతుందని ఏడాది ముందే పుస్తకం వేసిన మనిషి. రెండూ ఒకే చోట వినవలసి రావడంతో జనం ఎవరి పక్షమో తేల్చుకోలేక తెల్లవార్లూ తగువులాడుకునేవారు. ఒక విద్యాలయం మొదలవడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదని నా అభిప్రాయం.

అలెన్ గిన్స్‌బర్గ్ కూడా వచ్చాడు. అమెరికాలో బీట్ కవుల పెద్ద. 1962, 63 సంవత్సరాల్లో కాశీ ఘాట్లలోనూ కలకత్తా శ్మశానాల్లోనూ తిరిగినవాడు. ట్రుంగ్పాతో ఆయన పరిచయం న్యూయార్క్ వీధిలో జరిగింది. ఒంట్లో బాగాలేని తండ్రిని ఇంటికి చేర్చాలన్న తొందరలో, వేరెవరో ఆపుకున్న టాక్సీని గిన్స్‌బర్గ్ లాక్కున్నాడు. ఆ వేరెవరో ట్రుంగ్పా. టాక్సీ పోయింది గానీ శిష్యుడు దొరికాడు. 1974లో గిన్స్‌బర్గ్, కవయిత్రి ఆన్ వాల్డ్‌మన్ కలిసి అక్కడ కవిత్వ విభాగం పెట్టి, అప్పటికి ఐదేళ్ల క్రితం చనిపోయిన తమ మిత్రుడు జాక్ కెరువాక్ పేరు దానికి పెట్టారు. జాక్ కెరువాక్ స్కూల్ ఆఫ్ డిసెంబాడీడ్ పొయెటిక్స్ అట. దేహం లేని కవిత్వ విద్యాలయం. నిజమే మరి, పేరు పెట్టుకున్న మనిషి లేడు, కూర్చోవడానికి సొంత బల్ల కూడా లేదు.

ఆ వేసవిలోనే ఒక రాత్రి సంగీతకారుడు జాన్ కేజ్ వేదికెక్కాడు. రచయిత థోరో దినచర్య పుస్తకాన్ని ముక్కలు ముక్కలు చేసి అల్లిన రచన చదివాడు. వాక్యాలు లేవు, చాలాచోట్ల మాటలే లేవు. కొన్ని అక్షరాలు, మధ్యలో పొడుగాటి నిశ్శబ్దాలు. సభ కాసేపు ఓర్చుకుంది. తర్వాత ఈలలు, అరుపులు, కేకలు. కేజ్ తలెత్తకుండా చివరిదాకా చదివాడు. మౌనంగా కూర్చోవడం నేర్చుకుందామని వందల మైళ్లు ప్రయాణం చేసి వచ్చిన జనం, తీరా మౌనం ఎదురొచ్చేసరికి తట్టుకోలేకపోయారు. నారోపా చరిత్రలో నాకు బాగా నచ్చిన రాత్రి ఇదే. అక్కడి జనం ఎవరో, ఏ స్థితిలో వచ్చారో ఆ గోల చెప్పినంత స్పష్టంగా ఏ నివేదికా చెప్పలేదు.

బర్మాలోనూ బుద్ధగయలోనూ సాధన చేసి వచ్చిన పడుచు అమెరికన్లు కొందరు ఆ వేసవిలోనే అక్కడ ఒకచోట చేరారు. జోసెఫ్ గోల్డ్‌స్టీన్, జాక్ కోర్న్‌ఫీల్డ్, షారన్ సాల్జ్‌బర్గ్. మరుసటి ఏడే వాళ్లు మసాచుసెట్స్‌లో విపశ్యన ధ్యాన సంస్థకు పునాది వేశారు. అమెరికాలో ఇవాళ ఆఫీసుల్లోనూ ఆసుపత్రుల్లోనూ వినబడే మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాటకు ఈ ముగ్గురి కృషి ఒక పెద్ద మూలం. వీరిలో గోల్డ్‌స్టీన్, సాల్జ్‌బర్గ్ బుద్ధగయలో విపశ్యన గురువు గోయెంకా దగ్గర కూర్చున్నవాళ్లు. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఉన్న ధమ్మఖేత్త ఆ గోయెంకా సంప్రదాయపు కేంద్రమే. అక్కడ పదిరోజుల శిబిరం చేసినవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవారిలోనూ ఉండవచ్చు.

సరే, వేసవి తిరునాళ్ల ముగిసింది. జనం వెళ్లిపోయారు. ఇక మిగిలిందే అసలు ప్రశ్న. ధ్యానాన్ని చదువులో భాగం చేయడమంటే ఏమిటి? వారానికోసారి యోగా పీరియడ్ పెట్టడమా? అది ఏ కాలేజీ అయినా పెడుతుంది. నారోపాలో వాళ్లు చేసింది కాస్త వేరు. ఏ విషయం చదువుతున్నా, దాన్ని చదువుతున్న మనసును కూడా పాఠ్యాంశంగా పట్టుకున్నారు. తరగతి మొదట్లో అందరూ వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఒకరికొకరు తలవంచి నమస్కరిస్తారు, ముగిసేటప్పుడు మళ్లీ. సెమిస్టరుకు ఒక రోజు తరగతులన్నీ ఆపేసి, అధ్యాపకులు, సిబ్బంది, విద్యార్థులు కలిసి ధ్యానంలో కూర్చుంటారు.

దీనికి మించిన వింత మైత్రి గదులు. మానసిక చికిత్స చదివే విద్యార్థుల కోసం ట్రుంగ్పా రూపకల్పన చేయించినవి. తాంత్రిక బౌద్ధంలో ఐదు బుద్ధకులాలుంటాయి. దాని ప్రకారం ఐదు గదులు, ఐదు రంగులు. నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు. గోడలు, కప్పు, వెలుతురు అంతా ఆ ఒక్క రంగే. ఒక్కో గదికి ఒక్కో భంగిమ. ఒక గదిలో బోర్లా పడుకోవాలి, ఒక గదిలో వెల్లకిలా కాళ్లు చేతులు చాపుకోవాలి. అలా ముప్పావు గంట వరకు. మంత్రం లేదు, బోధ లేదు. కొంతసేపటికి ఒకడికి కారణం లేకుండా కోపం వస్తుంది. ఇంకొకరికి ఇల్లు గుర్తొచ్చి ఏడుపు. మరొకరికి తను గొప్పవాడినన్న భ్రమ. గది నుంచి బయటికొచ్చి ఏం జరిగిందో చెప్పుకుంటారు. రేపు ఒక రోగి తన ఎదుట కూర్చుని కోపగించుకున్నప్పుడు, ఆ కోపం పరాయిది కాదని ఆ విద్యార్థికి అప్పటికే తెలిసి ఉంటుందన్నది లెక్క. గదుల రంగుకే అంత శక్తి ఉందంటే నేను ఒప్పుకోను. ముప్పావు గంట పాటు పారిపోవడానికి వీల్లేకుండా తనతో తాను ఉండవలసి రావడంలో ఉంది అదంతా.

ఆ మానసిక చికిత్స విభాగాన్ని నడిపిన ఎడ్వర్డ్ పాడ్వాల్ అనే మనోవైద్యుడి గురించి ఒక మాట చెప్పాలి. తీవ్రమైన మతిభ్రమణ కలిగినవాళ్లను ఆసుపత్రి వార్డుల్లో పెట్టడం కంటే, మామూలు ఇంట్లో, తోటివాళ్లతో, వంట చేసుకుంటూ, గిన్నెలు కడుక్కుంటూ కోలుకోనివ్వాలని ఆయన వాదన. నారోపాలో తయారైన విద్యార్థులతో 1981లో బౌల్డర్‌లోనే విండ్‌హార్స్ అన్న పేరుతో ఆ పని మొదలుపెట్టాడు. వైద్యం చేస్తున్నవాడు ఆ రోగితో కలిసి నడవాలి, కలిసి కూరలు తరగాలి, ఊరికే పక్కన కూర్చోవాలి. కూర్చోవడం చేతకానివాడు ఆ పనికి పనికిరాడు. నారోపా యాభై ఏళ్లలో లోకానికి చేసిన మేలేమిటని అడిగితే, పేరున్న కవులను పక్కన పెట్టి నేను ముందు చూపించేది దీన్నే.

పరీక్షల సంగతి కూడా చెప్పాలి. అక్కడ కొన్ని తరగతుల్లో వారియర్ ఎగ్జామ్ అని ఒక మౌఖిక పరీక్ష ఉంటుంది. అందరి ఎదుట విద్యార్థి కూర్చోవాలి. ప్రశ్న అప్పటికప్పుడు తీసి చేతికిస్తారు. కాగితాలు లేవు, జవాబు మాటల్లోనే. మన అవధాన సభలో పృచ్ఛకుడి ఎదుట కూర్చున్నట్టే. జవాబుతో పాటు, తడబడినప్పుడు మనిషి ఏం చేస్తాడన్నది కూడా తెలిసిపోతుంది.

ఇంతవరకు చెప్పింది పండగ పూట చెప్పుకునే కథ. సావనీర్లలో సాధారణంగా ఇక్కడే ఆపేస్తారు. నేను ఆపదలచుకోలేదు.

ట్రుంగ్పా తాగేవాడు. చాటుగా కాదు, బోధ చేస్తూ చేస్తూనే. శిష్యురాళ్లతో సంబంధాలూ దాచలేదు. వేషం విడిచింది బోధ కోసమే అన్న మాటను ఇప్పుడు గుర్తు చేసుకోవాలి. వేషంతో పాటు ఇంకా చాలానే విడిచాడు. 1987లో యాభై నిండకుండానే పోయాడు, తాగుడు దెబ్బతీసిన ఆరోగ్యంతోనే. 1975లో స్నోమాస్ అనే చోట ఆయన తన శిష్యులకు శిక్షణ శిబిరం పెట్టాడు. ప్రసిద్ధ కవి డబ్ల్యు.ఎస్. మెర్విన్ తన సహచరితో కలిసి దానికి వెళ్లాడు. ఒక రాత్రి విందులో, రామని గదిలో తలుపు వేసుకున్న ఆ ఇద్దరినీ ట్రుంగ్పా ఆజ్ఞతో శిష్యులు తలుపు బద్దలు కొట్టి లాక్కొచ్చి, అందరి ఎదుట బలవంతంగా బట్టలు విప్పించారు. గురువు అహంకారాన్ని వలిచాడని సమర్థించినవాళ్లు అప్పుడూ ఉన్నారు. దానికి దౌర్జన్యం అనే పేరు తప్ప వేరే పేరు నాకు దొరకలేదు.

అయితే ఆ తర్వాత జరిగింది చూడండి. 1977లో ఎడ్ శాండర్స్ అనే కవి నారోపాలో ఒక తరగతి తీసుకున్నాడు. పరిశోధనాత్మక కవిత్వం అన్నది పాఠ్యాంశం. పరిశోధించడానికి ఏ విషయం తీసుకుందాం అంటే, విద్యార్థులు తమ సంస్థాపకుడి ఈ ఉదంతాన్నే తీసుకున్నారు. సాక్షులను కలిశారు, వాంగ్మూలాలు సేకరించారు, ఏ గంటకు ఏం జరిగిందో వరుస పెట్టి రాశారు. అది రెండేళ్లకు పుస్తకంగా వచ్చింది. దాని మీద రచ్చ అయింది, స్నేహాలు చెడ్డాయి, గిన్స్‌బర్గ్ గురువుకూ తోటి కవులకూ మధ్య నలిగిపోయాడు. ఏమైతేనేం, వ్యవస్థాపకుడు బతికుండగా, ఆయన పెట్టిన బడిలోనే, ఆయన నడవడిక మీద విద్యార్థులు విచారణ జరిపారు. ఇలాంటిది మన ఆశ్రమాల్లో జరుగుతుందా? ఆశ్రమాల దాకా ఎందుకు, మన విశ్వవిద్యాలయాల్లో జరుగుతుందా? ఆ పనితోనే నారోపా ఆశ్రమం కాకుండా మిగిలిందని నేననుకుంటాను. అధికారిక గుర్తింపు కాగితం 1986లో వచ్చింది, యూనివర్సిటీ అన్న పేరు 1999లో వచ్చింది. నా దృష్టిలో ఆ హోదా 1977లో ఆ తరగతి గదిలోనే దక్కింది.

గుర్తింపుతో పాటు రావలసినవన్నీ వచ్చాయి. గ్రేడులు, క్రెడిట్లు, పాలకమండలి, విరాళాల వేట. అమెరికాలో ప్రైవేటు విశ్వవిద్యాలయపు ఫీజంటే మాటలు కాదు, పైగా బౌల్డర్ ఖరీదైన ఊరు. అప్పుచేసి ధ్యానం నేర్చుకోవలసిన పరిస్థితిని చూస్తే నారోపాను బయటికి పిలిచిన ఆ ముసలమ్మ ఏమనేదో! ఇంకో తమాషా ఉంది. రామ్‌దాస్ ఉద్యోగం పోవడానికి కారణమైన ఆ మత్తు పదార్థాలను మానసిక చికిత్సలో వైద్యుల పర్యవేక్షణలో ఎలా వాడాలన్నది ఇప్పుడు నారోపాలో చదువే. కొలరాడో ఓటర్లు 2022లో పుట్టగొడుగుల నుంచి వచ్చే సైలోసిబిన్‌కు అనుమతిచ్చారు కదా, ఆ గాలి ఇక్కడా వీచింది.

మనకూ ఒక బౌద్ధాచార్యుడి పేరున్న విశ్వవిద్యాలయం ఉంది. గుంటూరు, విజయవాడల నడుమ నంబూరు దగ్గర, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. 1976లో ఏర్పడింది. నారోపా కంటే రెండేళ్లు చిన్నది. మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం కూడా అందులో ఉంది. టిబెట్ పండితులకు నాగార్జునుడు ఎంత పూజ్యుడంటే, ట్రుంగ్పా పరంపర చెప్పే శూన్యతా పాఠానికి ఆయనే మూలం. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే నేటి అమరావతిలోనే అని వాళ్ల నమ్మకం. 2006లో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర ఉత్సవం జరిపింది అందుకే. నాగార్జునుణ్ణి పరీక్ష కోసం చదవడం మనకు బాగా తెలుసు. చదివాక సెమిస్టరుకు ఒక్కరోజైనా వైస్ ఛాన్సలర్ నుంచి అటెండర్ దాకా అందరూ కలిసి నేలమీద కూర్చునే పద్ధతి మాత్రం మన దగ్గర నాకు కనబడలేదు. అది పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి, అంతే.

ఆసక్తి కలిగినవాళ్లకు ఒక ఆచూకీ చెప్పి ముగిస్తాను. తొలి వేసవి నుంచీ నారోపా వాళ్లు తమ ప్రసంగాలను, పాఠాలను టేపుల మీద ఎక్కించి దాచారు. వేల గంటల ధ్వని. అందులో చాలాభాగం ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పైసా ఖర్చు లేకుండా వినవచ్చు. ఇంగ్లీషు వినగలిగితే చాలు. నన్నడిగితే గిన్స్‌బర్గ్ తరగతులతో మొదలుపెట్టమంటాను. విలియం బ్లేక్ పద్యాలు చెబుతూ చెబుతూ మధ్యలో హార్మోనియం మెట్లు నొక్కి పాట అందుకున్నాడంటే మీ ఫోను పాడైందనుకోకండి. ఆయన పాఠం చెప్పే తీరే అది.